తల్లి చేతికి బిడ్డ: మానసిక చికిత్సాలయాల్లో నర్సు పని మారిన తీరు

మానసిక వైద్య చరిత్ర ఇంతవరకు ఎక్కువగా వైద్యుల పేర్ల చుట్టూ, మందుల చుట్టూ, చట్టాల చుట్టూ అల్లుకుని సాగింది. రోగి మంచం పక్కన పగలూ రాత్రీ గడిపిన నర్సు ఆ చరిత్రలో ‘సిబ్బంది’ అన్న గంపగుత్త మాటలో కలిసిపోయి కనిపిస్తుంది. అయితే ఆ రోగి ఒక పసిబిడ్డకు తల్లి గానీ, బడికి వెళ్లే పిల్లలకు తండ్రి గానీ అయిన సందర్భాలను విడిగా తీసి చూస్తే, వైద్యుల రాతల్లో కంటే నర్సు పనిలోనే మార్పు ఎక్కువగా జరిగిందని తెలుస్తుంది. పందొమ్మిదో శతాబ్దిలో ఆ బిడ్డ ఆస్పత్రి గడప లోపలికి రాలేదు. ఇరవయ్యో శతాబ్ది నడుమ వచ్చినప్పుడు ముందుగా నర్సు చేతుల్లోకి వెళ్లింది. ఆ తరువాతే, ఎంతో తటపటాయింపు మధ్య, తల్లి చేతికి చేరింది.

కాన్పు అయిన కొద్ది రోజులకే స్త్రీకి మతి చలించడాన్ని ఐరోపా వైద్యులు ప్రత్యేక వ్యాధిగా గుర్తించి రాయడం ఇంగ్లాండులో రాబర్ట్ గూచ్‌తో ఊపందుకుంది. ఆయన 1820లో వెలువరించిన వ్యాసం ‘సూతికోన్మాదం’ అన్న పేరును, అంటే పురుడు పోసుకున్నాక వచ్చే ఉన్మాదం అన్న భావనను, వైద్యలోకంలో స్థిరపరచింది. 1858లో ఫ్రాన్సులో లూయీ విక్టర్ మార్సే గర్భిణులకు, బాలింతలకు, పాలిచ్చే తల్లులకు వచ్చే మతిభ్రమణంపై ఒక సమగ్ర గ్రంథమే రాశాడు. తెలుగునాట ‘బాలింత సన్నిపాతం’ అన్న ఒక్క మాట కింద జ్వరాన్నీ, దానితోపాటు వచ్చే సంధి ప్రేలాపననూ కలిపి చెప్పుకున్న కాలంలోనే అక్కడ ఈ రెంటినీ విడదీసే ప్రయత్నం మొదలైంది. విక్టోరియా రాణి కాలపు కొన్ని మానసిక రోగుల ఆశ్రమాల్లో చేరిన స్త్రీలలో పదోవంతు దాకా ఈ కోవకు చెందినవారే. పైగా వీరిలో అత్యధికులు కొద్ది నెలల్లో కోలుకునేవారు కాబట్టి, నయం కాని రోగులతో నిండిన ఆ భవనాల్లో వైద్యులకు కాస్త ఊరట కలిగించినవారు కూడా వీరే.

ఈ కోలుకోవడం మాత్రం బిడ్డ లేకుండానే జరగవలసి వచ్చేది. తల్లిని ఆశ్రమంలో చేర్చేటప్పుడు, కలిగినవారైతే బిడ్డను పాలదాది దగ్గరా, లేనివారైతే చుట్టాల దగ్గరో లేక పేదల వసతిగృహంలోనో ఉంచేవారు. తల్లి బిడ్డకు హాని చేస్తుందన్న భయం ఇందుకు ఒక కారణం. ఆ భయం పూర్తిగా నిరాధారమైనదీ కాదు. కానీ ఇంటి చీకూచింతలన్నీ దూరమైతేనే మనసు కుదుటపడుతుందన్న అప్పటి చికిత్సా సూత్రం అంతకంటే బలమైన కారణం; ఆ చీకూచింతల జాబితాలో బిడ్డను కూడా చేర్చారు. తల్లి పాలు ఎండిపోయి, ఆరు నెలల తరువాత ఇంటికి చేరేసరికి బిడ్డ ఆమెను గుర్తుపట్టకపోవడాన్ని చికిత్సకు చెల్లించిన మూల్యంగా ఎవరూ లెక్కగట్టలేదు.

ఆనాటి ఆశ్రమాల్లో నర్సులు అనదగినవారు నిజానికి లేరు. ఉన్నవారిని ఇంగ్లాండులో ‘అటెండెంట్లు’ అనేవారు, అంటే కనిపెట్టుకుని ఉండేవారు. తాళాలు వేయడం, తీయడం, చెంచాలూ కత్తులూ లెక్కపెట్టుకోవడం, రోగుల చేత కుట్టుపని, చాకిరేవు పని చేయించడం, పెనుగులాడేవారిని పట్టుకోవడం వారి దినచర్య. వీరికి చదువు చెప్పాలన్న ఆలోచన 1885లో ఒక చిన్న పుస్తకంగా రూపుదాల్చింది. బ్రిటన్‌లోని మానసిక వైద్యుల సంఘం వెలువరించిన ఆ చేతిపుస్తకం ఎర్ర అట్ట కారణంగా తరువాతి కాలంలో ‘రెడ్ హ్యాండ్‌బుక్’గా పేరు పొందింది. 1891లో పరీక్ష పెట్టి యోగ్యతాపత్రం ఇవ్వడం ఆరంభమైంది. మానసిక నర్సింగ్ ఒక వృత్తిగా నిలదొక్కుకోవడానికి పునాది ఇదే అయినా, ఆ పునాదిలో రోగి ఒంటరి మనిషి. అతనికి దేహం ఉంది, మెదడు ఉంది, ప్రవర్తన ఉంది, ఇంటి దగ్గర ఎదురుచూసే పిల్లలు మాత్రం లేరు.

భారతదేశంలో బ్రిటిష్ పాలకులు నెలకొల్పిన ఆశ్రమాలు ఇదే నమూనాను అనుసరించాయి, కాకపోతే శిక్షణ సంగతి అంతగా పట్టించుకోలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉత్తర సర్కారు జిల్లాల కోసం పందొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో విశాఖపట్నం దగ్గర వాల్తేరులో ఏర్పడిన ఆశ్రమమే నేటి ప్రభుత్వ మానసిక వైద్యశాలకు మూలం. 1912 నాటి భారత ఉన్మాద చట్టం కింద రోగిని చేర్చుకోవడానికి సాధారణంగా మెజిస్ట్రేటు ఉత్తర్వు కావలసి వచ్చేది. అంటే ఆస్పత్రి తలుపు వైద్యానికి కంటే నిర్బంధానికి దగ్గరగా ఉండేది. 1946లో, దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ నివేదిక వెలువడేనాటికి అంత పెద్ద దేశానికంతటికీ మానసిక వైద్యశాలల్లో ఉన్న మంచాలు పదివేలకు కాస్త పైగా మాత్రమే. అలాంటి చోట తల్లిని బిడ్డతో కలిపి చేర్చుకోవడమన్న ఊహే పుట్టే అవకాశం లేదు.

ఆ ఊహకు నేల సిద్ధం చేసింది రెండో ప్రపంచయుద్ధం. బాంబుల భయంతో లండన్ పిల్లలను వేల సంఖ్యలో పల్లెలకు తరలించినప్పుడు, తల్లి నుంచి విడిపోయిన పిల్లల దిగులును వైద్యులు, నర్సులు దగ్గరగా చూశారు. ఆ అనుభవాల నేపథ్యంలో మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం తల్లి సంరక్షణపై నివేదిక రాశాడు. మరుసటి ఏడాది ఆయన సహోద్యోగి జేమ్స్ రాబర్ట్‌సన్ ఆస్పత్రిలో చేరిన రెండేళ్ల పాప మౌనంగా ముడుచుకుపోవడాన్ని చలనచిత్రంగా తీసి చూపించాడు. తల్లీబిడ్డల నడుమ తొలి సంవత్సరాల్లో ఏర్పడే బంధమే ఆ తరువాతి మనోజీవితానికి ఆధారమన్న ఈ ఆలోచనా సరళిని అనుబంధ సిద్ధాంతం అంటారు. ఉద్యోగానికి వెళ్లే ప్రతి తల్లినీ దోషిగా నిలబెట్టడానికి ఈ సిద్ధాంతాన్ని వాడుకున్నవారూ ఉన్నారు కాబట్టి దాని మేలును మాత్రమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు. అయినా ఆస్పత్రి గోడలను కదిలించిన శక్తి దానిదే.

లండన్ శివార్లలోని హామ్ గ్రామంలో ఉన్న కాసెల్ ఆస్పత్రిలో 1948లో జరిగిన ఒక చిన్న సర్దుబాటును ఈ చరిత్రలో మలుపుగా చెప్పుకోవడం ఆనవాయితీ. చికిత్సకు రావలసిన ఒక తల్లికి బిడ్డను అప్పగించే దిక్కు లేకపోవడంతో, ఇద్దరినీ కలిపి చేర్చుకున్నారు. అక్కడి వైద్య సంచాలకుడు టామ్ మెయిన్, యుద్ధకాలంలో సైనికుల ఆస్పత్రిలో పనిచేసినవాడు, ‘చికిత్సా సమాజం’ అన్న మాటను 1946లో వాడుకలోకి తెచ్చినవాడు. ఆస్పత్రిలోని రోజువారీ బతుకే, అంటే వంట, శుభ్రత, సమావేశం, కీచులాట, రాజీ, ఇవన్నీ కలిసి మందుగా పనిచేయగలవన్నది ఆ మాట సారం. తల్లులను పిల్లలతో సహా చేర్చుకోవడం తొలుత మినహాయింపుగా మొదలై, 1950ల్లో అక్కడ పద్ధతిగా స్థిరపడింది. ఆ అనుభవాన్ని మెయిన్ 1958లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు.

ఆ పత్రికలో పేరు మెయిన్‌దే అయినా, పని భారం మోసింది మేట్రన్ డొరీన్ వెడెల్ నాయకత్వంలోని నర్సులు. బిడ్డలు వార్డులోకి రాగానే నర్సుల చేతులు అలవాటుగా ముందుకు సాగాయి: తల్లి రోగి కాబట్టి విశ్రాంతి తీసుకోవాలి, నర్సు నిపుణురాలు కాబట్టి బిడ్డను చూసుకోవాలి. ఇది దయగానే కనిపిస్తుంది. కానీ తన బిడ్డ పరాయి మనిషి చేతిలో తన దగ్గర కంటే హాయిగా నిద్రపోవడాన్ని రోజూ చూసే తల్లికి, తాను తల్లిగా పనికిరానన్న నమ్మకం మరింత గట్టిపడుతుంది. ఆమెకున్న జబ్బులో సగం ఆ నమ్మకమే. ఈ సంగతి తేటపడిన కొద్దీ కాసెల్ నర్సులు వెనక్కి తగ్గడం నేర్చుకున్నారు. పిల్లలకు అన్నం పెట్టడం, బట్టలు మార్చడం, అల్లరి చేస్తే కోప్పడడం తల్లుల పనిగా ఉంచి, తల్లుల పక్కన నిలబడి, అవసరమైతే కలిసి గిన్నెలు కడుగుతూ, ఆ పనుల మధ్య దొర్లే మాటలను ఆలకించడం తమ పనిగా పెట్టుకున్నారు. రోగిని అతని సామాజిక బంధాల నడుమ నిలిపి చేసే ఈ సేవకు ‘సైకోసోషల్ నర్సింగ్’ అన్న పేరు స్థిరపడింది. 1968లో ఎలిజబెత్ బార్న్స్ సంపాదకత్వంలో కాసెల్ అనుభవాలు అదే పేరుతో గ్రంథంగా వచ్చాయి.

వెనక్కి తగ్గడం ఎంత కష్టమో చెప్పే ఆధారం మెయిన్ 1957లో రాసిన మరొక వ్యాసంలో దొరుకుతుంది. కొందరు రోగులకు నర్సులు మత్తుమందు ఎప్పుడు ఇచ్చారో నర్సులతోనే కూర్చుని నెమరువేయించినప్పుడు, రోగి బాధ ఒక కొలత దాటినప్పుడు కాక, నర్సు ఓర్పు అయిపోయిన క్షణంలోనే మందు ఇచ్చినట్టు వారే ఒప్పుకున్నారు. ఏడుస్తున్న బిడ్డను తల్లి చేతిలోంచి చటుక్కున అందుకునే చేయి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది: ఆ చేయి తీర్చేది చాలాసార్లు బిడ్డ ఆకలిని కాదు, చూస్తున్నవారి ఆదుర్దాను. మానసిక నర్సింగ్ చరిత్రలో ఇంతకంటే నిజాయితీ గల ఒప్పుకోలు అరుదు.

కాసెల్‌కు వచ్చేవారు ఎక్కువగా దిగులు, ఆందోళన వంటి రుగ్మతలున్నవారు. భ్రమలూ భ్రాంతులూ ఉన్న తీవ్రమైన రోగుల విషయంలో ఇది కుదరదన్న సందేహం సహజంగానే తలెత్తింది. ఇంగ్లాండులోని షెన్లీ ఆస్పత్రిలో గ్వెన్ డగ్లస్ అలాంటి తల్లులను బిడ్డలతో చేర్చుకున్న అనుభవాన్ని 1956లో ప్రకటించింది. 1959లో బాన్‌స్టెడ్ ఆస్పత్రిలో ఇందుకోసం ప్రత్యేక విభాగమే ఏర్పడింది. బిడ్డతో కలిసి ఉన్న తల్లులు ఇంటికి వెళ్లాక బిడ్డను చూసుకోగలిగిన తీరు మెరుగ్గా ఉన్నట్టు అక్కడి వైద్యులు 1961లో రాశారు. దాదాపు అదే కాలంలో, 1954లో, సర్రేలోని వార్లింగ్‌హామ్ పార్క్ ఆస్పత్రి ఇద్దరు నర్సులను ఇళ్లకు పంపడం ఆరంభించింది. ఈ చిన్న ఏర్పాటు వల్ల నర్సు మొదటిసారి రోగిని ఆమె సొంత వంటింట్లో, పిల్లల మధ్య, చూసింది.

తల్లీబిడ్డల వార్డులో నర్సు పని ఎలా ఉంటుందో తెలియడానికి ఒక్క స్నానం వేళను గమనిస్తే చాలు. తీవ్రమైన భ్రమల నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్న తల్లికి మందుల ప్రభావం వల్ల వేళ్లు సన్నగా వణుకుతుంటాయి, చూపు నిలవదు, పని మధ్యలో ఆలోచన తెగిపోతుంది. నీళ్లు కాగాయి, తువ్వాలు పరిచి ఉంది. “సిస్టర్, మీరే పోయండి” అని తల్లి బిడ్డను చాపుతుంది. నర్సు బిడ్డను అందుకోదు. “నువ్వే పొయ్యమ్మా, నేను పక్కనే ఉన్నాను కదా” అంటూ బిడ్డ మెడ కింద తన అరచేతిని, తల్లి చేతికి కాస్త దిగువగా, ఆనీ ఆనకుండా పెడుతుంది. జారితే పట్టుకునేంత దగ్గరగా ఉన్నా, తల్లి పట్టును తక్కువ చేయనంత ఎడంగా ఉంటుంది ఆ చేయి. మోచేతితో నీళ్ల వేడి చూడమని గుర్తుచేస్తుంది. ఆ పది నిమిషాల్లోనే తల్లి బిడ్డ కళ్లలోకి చూస్తోందా, ఏమైనా పలకరిస్తోందా, బిడ్డ ఏడిస్తే చేతులు బిగుసుకుంటున్నాయా, బిడ్డ గురించి ఏదైనా వింత మాట అంటోందా అన్నది కూడా గమనిస్తుంది. బిడ్డ దేవుడి అంశ అనో, దయ్యం మార్చి పెట్టిన బిడ్డ అనో తల్లి నోట వస్తే అప్పుడు వెనక్కి తగ్గడం నేరమవుతుంది. చేయి ఎప్పుడు చాపాలి, ఎప్పుడు చాపకూడదు అన్న ఈ విచక్షణే ఆ నర్సు నేర్చిన విద్య.

ఆ విచక్షణకు కాగితం మీద రూపం ఇచ్చే ప్రయత్నాలూ జరిగాయి. లండన్‌లోని బెత్లెమ్ ఆస్పత్రి తల్లీబిడ్డల విభాగం తరువాతి కాలంలో చన్నీ కుమార్ పేరు పెట్టుకుంది. భారతీయ మూలాలున్న ఈ మానసిక వైద్యుడు తన సహ పరిశోధకురాలు హిప్‌వెల్‌తో కలిసి 1996లో ప్రకటించిన కొలమానాన్ని వార్డు నర్సులే వారం వారం పూర్తిచేసేవారు. కంటి చూపు, స్పర్శ, మాట, తల్లి మనఃస్థితి, దినచర్య, బిడ్డకు ప్రమాదం అన్న అంశాలకు వేర్వేరుగా అంకెలు వేయాలి. వార్డుకు రాని తల్లుల సంగతి వేరు. ప్రసవానంతర ఉన్మాదం వెయ్యి కాన్పుల్లో ఒకటి రెంటిలోనే కనిపిస్తుంది గానీ, కాన్పు తరువాత వచ్చే వ్యాకులత, అంటే నెలల తరబడి వదలని దిగులు, దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని పసిగట్టడానికి జాన్ కాక్స్, జెని హోల్డెన్, రూత్ సాగోవ్‌స్కీ 1987లో ఎడిన్‌బరో నుంచి పది ప్రశ్నల పత్రాన్ని అందించారు. మొత్తం 30 మార్కుల ఈ పత్రంలో పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకునే ఆలోచన గురించినది కాబట్టి, మొత్తం ఎంత తక్కువ వచ్చినా ఆ ఒక్క జవాబును విడిగా చూసుకోవాలి. 1989లో హోల్డెన్ బృందం ప్రకటించిన పరిశోధనలో, ఇళ్లకు వెళ్లే ఆరోగ్య నర్సులు కొద్దిపాటి శిక్షణతో వారానికోసారి చొప్పున ఎనిమిది వారాలు వెళ్లి, కనీసం అరగంట తల్లి చెప్పేది వినగా, 26 మందిలో 18 మంది పూర్తిగా కోలుకున్నారు. మామూలు సేవ మాత్రమే పొందిన 24 మందిలో కోలుకున్నవారు 9 మంది.

భారతదేశంలో ఈ కథ వేరే దారిలో నడిచింది. ఇక్కడ వార్డులోకి ముందు వచ్చింది బిడ్డ కాదు, ఇంటిల్లిపాది. 1950ల్లో అమృత్‌సర్ మానసిక వైద్యశాల సూపరింటెండెంటు విద్యాసాగర్ సైన్యం దగ్గర గుడారాలు తెప్పించి ఆస్పత్రి ఆవరణలో వేయించి, రోగుల బంధువులను అక్కడే ఉంచాడు. నర్సుల కొరత ఒక కారణమైనా, రోగం గురించి ఇంటివారికి తెలిస్తే తిరగబెట్టడం తగ్గుతుందన్న నమ్మకమూ ఆయనకు ఉంది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల బాగాయంలో 1957లో నెలకొల్పిన మానసిక ఆరోగ్య కేంద్రం రోగితో ఒక బంధువు తప్పనిసరిగా ఉండే పద్ధతిని పాటించింది. చిత్తూరు సరిహద్దుకు దగ్గర కావడంతో తెలుగు కుటుంబాలకు ఆ ఆవరణ ఏనాటి నుంచో పరిచయం. పాశ్చాత్యులు ఎంతో ఆలోచించి చేరుకున్న మెట్టును భారతీయ వార్డులు అవసరం కొద్దీ ముందే ఎక్కేశాయని తరచూ గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వం సగమే నిజం.

ఎందుకంటే ఇంటివారు పక్కనే ఉన్నప్పుడు బిడ్డను అందుకునే చేయి నర్సుది కాకపోయినా, అమ్మమ్మదో అత్తగారిదో అవుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరిగే తెలుగు ఆచారంలో బాలింతకు పని చెప్పకపోవడం ఒక మర్యాద. చలిగాలి తగలనివ్వకుండా, తల తుడిచి, పథ్యం పెట్టి, బిడ్డను కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసేది పెద్దవారే. ఆరోగ్యవంతురాలైన బాలింతకు ఇది వరమే గానీ, జబ్బుపడి లేచిన తల్లికి అదే ఏర్పాటు ‘నీ చేతికి బిడ్డను ఇవ్వం’ అన్న తీర్పుగా మారవచ్చు; మందులు వాడుతున్న కోడలి పాలు బిడ్డకు మంచివి కావన్న మాట వైద్యుడు అనకముందే ఇంట్లో పుడుతుంది. అందువల్ల ఇక్కడి నర్సు తన చేతిని వెనక్కి తీసుకుంటే సరిపోదు, పెద్దావిడ చేతిని కూడా నొప్పించకుండా వెనక్కి జరపాలి. “అమ్మగారూ, మీరు కాస్త కూర్చోండి, పాప బట్ట అమ్మాయి మారుస్తుంది” అన్న మాటను ఏ గొంతుతో అనాలో ఏ చేతిపుస్తకమూ నేర్పలేదు. అదే సమయంలో తల్లికి రాత్రి నిద్ర తప్పనిసరి, నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది కాబట్టి, అర్ధరాత్రి బిడ్డ లేచినప్పుడు ఎత్తుకోవలసింది ఆ పెద్దావిడే. పగలు వద్దన్నవారినే రాత్రి రమ్మనడంలోని చిక్కు వార్డులో పనిచేసినవారికి బాగా తెలుసు.

దేశంలో తల్లీబిడ్డలకంటూ ప్రత్యేక మానసిక విభాగం బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009లో ప్రభా చంద్ర నాయకత్వంలో అయిదు పడకలతో ఏర్పడింది. అప్పటికి కాసెల్‌లో మొదటి బిడ్డ అడుగుపెట్టి ఆరు దశాబ్దాలు గడిచాయి. అక్కడ తల్లితోపాటు ఇంటి ఆడమనిషి ఒకరు ఉండడం ఏర్పాటులో భాగం. ఆ విధంగా అమృత్‌సర్ గుడారమూ కాసెల్ వార్డూ ఒకే గదిలో కలిశాయనవచ్చు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ పద్ధతికి హక్కు రూపం ఇచ్చింది. మానసిక వైద్యశాలలో చికిత్స పొందుతున్న స్త్రీ నుంచి మూడేళ్ల లోపు బిడ్డను సాధారణంగా విడదీయరాదని ఆ చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. బిడ్డకు హాని జరుగుతుందని వైద్యుడు భావిస్తే తాత్కాలికంగా వేరుచేయవచ్చు గానీ, సిబ్బంది లేదా ఇంటివారి పర్యవేక్షణలో తల్లి బిడ్డను చూసే వీలు ఉండాలి. వేరుచేసిన నిర్ణయాన్ని ప్రతి 15 రోజులకు పునఃపరిశీలించాలి. ఏకబిగిన 30 రోజులు దాటితే సంబంధిత ప్రాధికార సంస్థ ఆమోదం పొందాలి. చట్టం చెప్పిన ఆ పర్యవేక్షణ ఆచరణలో నర్సు చేతిదే: తల్లి బిడ్డను చూసిన ఆ అరగంటలో ఏం జరిగిందో నర్సు పుస్తకంలో రాసిన నాలుగు వాక్యాల మీద పదిహేను రోజుల తరువాతి నిర్ణయం చాలావరకు ఆధారపడుతుంది. కేస్‌షీటులో ‘తల్లి సహకరించింది’ అని ముక్తసరిగా రాసే అలవాటు ఇక్కడ ఖరీదైనది.

మూడేళ్లు దాటిన బిడ్డ గురించి, జబ్బుపడినవాడు తండ్రి అయిన సందర్భం గురించి, ఆ సెక్షన్‌లో ప్రస్తావన లేదు. నార్వేలో 2010 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం మానసిక వ్యాధి, వ్యసనం, తీవ్రమైన శారీరక వ్యాధి ఉన్న రోగికి మైనరు పిల్లలున్నారా అన్నది తెలుసుకుని, ఉంటే వారికి కావలసిన సమాచారం, అండ అందేలా చూడడం ఆరోగ్య సిబ్బంది విధి. ఆస్పత్రుల్లో ఈ బాధ్యతకు ప్రత్యేకంగా ఒకరిని నియమించాలి, ఆ పని తరచూ నర్సుకే దక్కింది. ఫిన్లాండులో ఇలాంటి తల్లిదండ్రులతో ‘పిల్లల గురించి మాట్లాడుకుందాం’ అన్న పేరుతో ఒకటి రెండు సంభాషణల పద్ధతిని టుట్టి సోలాంటౌస్ రూపొందించింది. జబ్బును గురించి కాక, బిడ్డ నిద్ర, బడి, స్నేహితులు, ఇష్టాల గురించి అడగడంతో అది మొదలవుతుంది. భారతీయ వార్డుల్లో చేరిక నాడు నింపే పత్రంలో పిల్లల సంఖ్యకు ఒక గడి ఉంటుంది. మద్యం మాన్పించే వార్డులో చేరిన తండ్రి విషయంలో ఆ గడిలో ‘2’ అని వేశాక, ఆ ఇద్దరూ ఏ తరగతి చదువుతున్నారో, నాన్న ఎక్కడికి వెళ్లాడని వారికి చెప్పారో అడగడానికి ఆ కాగితంలో చోటు లేదు. అడిగిన నర్సులు పక్కన ఖాళీ అంచులో పెన్నుతో రాసుకుంటారు.